పీసీఓఎస్‌కి బరువు తగ్గించే ఆపరేషన్: మూడేళ్లు చూసిన ఒక కేసు

2022 నవంబరులో ఆమె నా ఓపీకి వచ్చినప్పుడు ముఖానికి మాస్క్ ఉంది. అప్పటికి విశాఖలో దాదాపు అందరూ మాస్కులు తీసేశారు. వయసు 27. గాజువాక వైపు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పెళ్లై నాలుగేళ్లు, పిల్లల్లేరు. పక్కన వాళ్లమ్మ. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 42.7. ఓపీ చీటీ మీద సిస్టర్ రాసిన కారణం ఒక్కటే: 24 రోజులుగా బ్లీడింగ్.

ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

పరీక్ష గదిలో మాస్క్ తీయమంటే వెంటనే తీయలేదు. తీశాక చూస్తే గడ్డం కింద, దవడల వెంట నల్లగా గరుకు వెంట్రుకలు, వాటి మధ్య రేజర్ గాట్లు. "కరోనా రెండేళ్లు నాకు చాలా ప్రశాంతంగా గడిచాయి మేడమ్. అప్పుడు అందరికీ మాస్క్ ఉండేది" అంది. ఆ మాట విన్నాక కాసేపు నేనేమీ రాసుకోలేకపోయాను.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమె పెళ్లికి ముందు, 22 ఏళ్లప్పుడు, ఒకసారి నా దగ్గరికే వచ్చింది. పాత ఫైల్లో నా చేతిరాత ఉంది. పీసీఓడీ (పీసీఓఎస్‌నే అలా కూడా అంటాం; హార్మోన్లు గాడి తప్పి అండం సరిగా విడుదల కాని జబ్బు), బరువు తగ్గాలి, మూడు నెలలు హార్మోన్ బిళ్లలు, మళ్లీ రావాలి. అంతే. వెంట్రుకల గురించి ఒక్క మాట లేదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె మళ్లీ రాలేదు. ఆ తర్వాత వేరేచోట్ల చూపించుకుంది. ఒక చోట పెళ్లైతే అన్నీ సర్దుకుంటాయన్నారట. ఇంకోచోట స్కానింగ్ చూసి అండాశయంలో నీటి బుడగలున్నాయి, తీసేయాలన్నారట. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ బిళ్లలు మూడేళ్లు వాడింది. డైటింగ్ చేసి ఒకసారి 9 కిలోలు తగ్గి, ఏడాది తిరిగేసరికి 12 కిలోలు పెరిగింది.

నెలసరి ఏడాదికి మూడు నాలుగుసార్లే. ఈసారి ఐదు నెలలు రాకుండా ఉండి, వచ్చాక ఆగలేదు. హిమోగ్లోబిన్ 8.4. మెడ చుట్టూ, చంకల్లో చర్మం నల్లగా, మందంగా ఉంది. నేను మెడ చూస్తుంటే వాళ్లమ్మ అందుకుంది: "ఏటోనమ్మా, చిన్నప్పట్నుంచి సున్నిపిండి పెట్టి తోముతున్నాను. ఎంత తోమినా ఆ నలుపు పోదు." అది మురికి కాదని, ఒంట్లో ఇన్సులిన్ పని చేయక పేరుకుపోవడం వల్ల వచ్చే నలుపని చెప్పాను. కూతురి వైపు చూసి ఆవిడ కళ్లు తుడుచుకుంది. పదేళ్లుగా ఆ మెడ గురించి తిట్లు తింటూ వచ్చిన పిల్ల.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 17 మిల్లీమీటర్లు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ అంకె. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తయారవదు. ఒంట్లో కొవ్వు మాత్రం ఈస్ట్రోజన్ తయారు చేస్తూనే ఉంటుంది. అడ్డు చెప్పే హార్మోన్ లేక ఆ పొర నెలల తరబడి మందంగా పెరుగుతుంది. కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ అది క్యాన్సర్ వైపు వెళ్తుంది. 27 ఏళ్ల అమ్మాయికి క్యాన్సరేంటి అని ఇంట్లోవాళ్లు అన్నారు గానీ, ఇంత బరువు, ఇన్నేళ్లు రాని నెలసరి ఉన్నప్పుడు వయసు చూసి ఊరుకోకూడదు. హిస్టరోస్కోపీ చేసి, అంటే గర్భసంచిలోకి సన్నటి కెమెరా పంపి, ముక్క తీసి పరీక్షకి పంపాం. హైపర్‌ప్లేసియా అని వచ్చింది. అంటే పొర అతిగా పెరిగింది, కానీ కణాల్లో చెడు మార్పు లేదు. నాకు ఊపిరి వచ్చినట్టైంది. ప్రొజెస్టిరాన్ తరహా మందును నేరుగా గర్భసంచి లోపలే విడుదల చేసే లూప్ వేశాం. రక్తానికి ఐరన్ ఇంజెక్షన్లు ఎక్కించాం.

పీసీఓఎస్ అని నిర్ధారించడానికి 2003 రాటర్‌డ్యామ్ నియమాలే ఇప్పటికీ పునాది: అండం సరిగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్ల ప్రభావం, స్కాన్‌లో అండాశయం తీరు. ఈ మూడింటిలో రెండుండాలి, పోలిన వేరే జబ్బులు ఉండకూడదు. ఈమెకు మూడూ ఉన్నాయి. అలాంటి వేరే జబ్బుల కోసం చూసే థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్షలు మామూలుగా ఉన్నాయి. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకి 78 నానోగ్రాములు, ఎస్‌హెచ్‌బీజీ 16, రెండు మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.3. లివర్‌కి కొవ్వు పట్టింది. గురక ఎక్కువంటే నిద్ర పరీక్ష చేయించాం, మధ్యస్థాయి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, తేలింది. ఇక ఆ నీటి బుడగలు నిజానికి బుడగలు కావు. ఎదగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన అండాల గూళ్లు. వాటిని తీసేయడమంటూ ఉండదు.

ఈ అంకెల్లో నేను ఎక్కువసేపు చూసేది ఎస్‌హెచ్‌బీజీ. లివర్ తయారు చేసే ఈ ప్రోటీన్ రక్తంలో టెస్టోస్టిరాన్‌ని పట్టి ఉంచుతుంది. ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు లివర్ దీన్ని తక్కువ చేస్తుంది. అదే ఇన్సులిన్ అండాశయాన్ని రెచ్చగొట్టి మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది. అంటే తయారీ పెరుగుతుంది, పట్టి ఉంచేది తగ్గుతుంది. స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ వెంట్రుకల కుదుళ్ల దాకా వెళ్తుంది, అండాన్ని ఎదగనివ్వదు. బరువు పెరిగేకొద్దీ ఇన్సులిన్ ఇంకా పెరుగుతుంది. ఈ చుట్టు తిరగడం ఎక్కడో ఒకచోట ఆపాలి. చాలామందికి 5 నుంచి 10 శాతం బరువు తగ్గినా నెలసరి గాడిలో పడుతుంది. కానీ 104 కిలోల దగ్గర, ఒకసారి తగ్గి అంతకంటే ఎక్కువ పెరిగిన మనిషిని మళ్లీ డైటింగ్ చేయమనడానికి నాకు నోరు రాలేదు.

ఆపరేషన్ మాట ఎత్తింది నేనే. పొట్టు బియ్యం తింటే, బీచ్‌లో నడిస్తే తగ్గేదానికి కడుపు కోయించుకోవడమేంటని వాళ్ల అత్తగారు అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న. లావు మనిషి సోమరిదని, నోరు కట్టుకోలేదని మనలో నాటుకుపోయింది. ఈ అమ్మాయి మూడేళ్లు రాత్రి అన్నం మానేసింది. బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసే వేళ చూసుకుని పొద్దున్నే గాజువాక నుంచి వచ్చి నడిచింది. ఒళ్లు పోగొట్టుకున్న బరువును తిరిగి తెచ్చుకోవడానికి ఆకలి హార్మోన్లను పెంచుతుందని, అది మనసు బలహీనత కాదని అత్తగారికి, భర్తకి ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాను. ఆమె ముందరే చెప్పాను. ఆ మాట ఆమె వినాలనే ఎక్కువ.

అర్హత విషయానికి వస్తే, 1991 నుంచి నడిచిన హద్దులను 2022లో రెండు అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు మార్చాయి. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు. మనలాంటి ఆసియావాళ్లలో తక్కువ బరువుకే షుగర్ వస్తుంది కాబట్టి 27.5 నుంచే ఆలోచించవచ్చు. బీమా లెక్క మాత్రం వేరు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నియమాల ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35తో పాటు తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండాలి. పీసీఓఎస్ ఆ జాబితాలో లేదు. గర్భసంచి పొర క్యాన్సర్ వైపు నడుస్తున్న 37 బీఎంఐ అమ్మాయికి బీమా రాకపోవచ్చు. ఇది మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఈమెది 42.7 కాబట్టి గట్టెక్కింది.

సర్జన్ స్లీవ్ ఎంచుకున్నారు. కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలా సన్నటి గొట్టంగా ఉంచుతారు. ఎండోస్కోపీలో ఎసిడిటీ పుండ్లేమీ లేవు. ముందుముందు గర్భం కావాలి కాబట్టి పోషకాల లోటు బైపాస్‌లో (పేగు మొదటి భాగాన్ని తప్పించి తిండిని పంపే ఆపరేషన్) కంటే తక్కువగా ఉండే పద్ధతి మేలనుకున్నాం. లివర్ కుంచించుకోవడానికి రెండు వారాలు ద్రవాహారం. 2023 మార్చిలో ఆపరేషన్ అయింది. మూడో రోజు ఇంటికెళ్లింది.

ఆపరేషన్‌కి ముందు నేను ఆమెను ఒక కాగితం రాయమన్నాను. నీకు ఏ బాధ ముందు తీరాలో వరసగా రాయమన్నాను. మొదటిది గడ్డం, రెండోది తల మీద పల్చబడిన జుట్టు, మూడోది పిల్లలు, నాలుగోది బరువు. గర్భసంచి పొర ఊసే లేదు. నా వరస అందుకు సరిగ్గా తలకిందులు. అందుకే చెప్పాను: ఈ ఆపరేషన్‌తో ఒక్కో లక్షణం ఒక్కో వేగంతో మారుతుంది, నువ్వు ముందు రాసిందే అన్నిటికంటే ఆలస్యంగా మారుతుంది, కొంత అసలు మారకపోవచ్చు. తలూపింది. ఎంత అర్థమైందో నాలుగో నెలలో తెలిసింది.

మొదటి ఆరు వారాలు తిండి గురించే. 30 మిల్లీలీటర్ల గుక్కలు. మజ్జిగ తేట, పెసరకట్టు, కొబ్బరినీళ్లు, తర్వాత మెత్తగా గిలక్కొట్టిన గుడ్డు, మెదిపిన చేప. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. అంటే కంచంలో ముందు చేప ముక్క, పప్పు తిని, ఆకలి మిగిలితేనే రెండు చెంచాల అన్నం. చిన్నప్పట్నుంచి అన్నమే కంచం నిండా చూసిన వాళ్లకి ఇది చాలా కష్టం. ఆమెకు చేపల పులుసు ప్రాణం కాబట్టి దారి దొరికింది. కోనెం ముక్క రెండు పూటలా తినేది. తింటూ నీళ్లు తాగకూడదన్న నియమం మాత్రం చాలాసార్లు తప్పి వాంతులు చేసుకుంది. పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు మందిచ్చారు.

ఇన్సులిన్ సంగతి అన్నిటికంటే ముందు మారింది. బరువు పెద్దగా తగ్గకముందే, వారాల్లోనే, రక్తంలో చక్కెర దిగింది. మెట్‌ఫార్మిన్ ఆపేశాం. మూడో నెలకి మెడ నలుపు పల్చబడటం వాళ్లమ్మే మొదట గమనించింది.

నాలుగో నెలలో ఏడుస్తూ వచ్చింది. దువ్వెన నిండా జుట్టు ఒక కవర్లో వేసి తెచ్చింది. "ఉండకూడని చోట ఊడట్లేదు మేడమ్, ఉండాల్సిన చోట ఊడిపోతోంది." శరీరానికి పెద్ద దెబ్బ తగిలాక, వేగంగా బరువు తగ్గాక మూడు నాలుగు నెలలకి జుట్టు గుత్తులుగా రాలడం మామూలే. చాలామందికి ఏడాదిలోపు తిరిగి వస్తుంది. నేనిది ముందు చెప్పాను. కానీ జుట్టు తన వరసలో రెండోదిగా రాసుకున్న అమ్మాయికి ఒక్కసారి చెప్పి ఊరుకోవడం చాలదు. ఇప్పుడు ఎవరికైనా ఆపరేషన్ ముందు ఒకసారి, రెండో నెలలో మరోసారి పిలిచి మరీ చెప్తున్నాను. ఆ రోజు ఆమె మనసు స్థితి అంచనా వేసే ప్రశ్నలు అడిగితే డిప్రెషన్ స్పష్టంగా ఉందని తేలింది. సైకాలజిస్ట్ దగ్గరికి పంపాం. ఆరు నెలలు వెళ్లింది. పీసీఓఎస్ ఉన్న ప్రతి అమ్మాయికీ ఆందోళన, డిప్రెషన్ ఉన్నాయేమో అడగాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. 22 ఏళ్లప్పుడే నేను అడిగి ఉండాల్సింది.

అండాశయం మేలుకున్న సంగతి ఐదో నెలలో తెలిసింది. లూప్ ఉన్నప్పుడు బ్లీడింగ్ చాలా తక్కువ కనిపిస్తుంది లేదా కనిపించదు. కాబట్టి నెలసరి తిరిగొచ్చిందా అని క్యాలెండర్ చూసి చెప్పలేం. కానీ ఈ లూప్ చాలామందిలో అండం విడుదలను ఆపదు. ఆమే ఒకరోజు ఫోన్ చేసి, నెల మధ్యలో తెల్లబట్ట గుడ్డు సొనలా సాగుతోంది, పది రోజులకి రొమ్ములు సలుపుతున్నాయి అంది. పెళ్లైన నాలుగేళ్లలో ఎప్పుడూ చూడనిది. తర్వాతి నెల స్కాన్ చేస్తే ఎడమవైపు 19 మిల్లీమీటర్ల గూడు. పది రోజులకి ప్రొజెస్టిరాన్ 11. అండం విడుదలైంది. అప్పటికి బరువు 82 కిలోలు. ఇంకా బీఎంఐ 33 దాటే ఉంది.

ఇక్కడ ఆగి చెప్పాల్సిన మాటొకటి ఉంది. పిల్లలు పుట్టరని ఏళ్ల తరబడి విన్న ఆడవాళ్లు ఆపరేషన్ తర్వాత జాగ్రత్త పడరు. నాకేం వస్తుందిలే అనుకుంటారు. అండాశయం మాత్రం బరువు పూర్తిగా తగ్గేదాకా ఆగదు. ఆపరేషన్ అయిన 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోమంటాం, ఎందుకంటే ఆ కాలంలో తల్లికే పోషకాలు చాలవు. వాంతులు, విరేచనాలు ఉంటే గర్భనిరోధక బిళ్లల మీద ఆధారపడలేం. ఈమెకు గర్భసంచి పొర కోసం వేసిన లూపే ఈ పని కూడా చేసిపెట్టింది. అది లేకపోతే ఐదో నెలలోనే గర్భం వచ్చి ఉండేదేమో.

ఆ తర్వాత 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. లండన్‌లో పీసీఓఎస్, బీఎంఐ 35కి పైగా, నెలసరి సరిగా రాని 80 మంది ఆడవాళ్లను చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. సగం మందికి స్లీవ్, సగం మందికి మందులు, జీవనశైలి మార్పు. 52 వారాలు ప్రొజెస్టిరాన్ చూస్తూ అండం ఎన్నిసార్లు విడుదలైందో లెక్కపెట్టారు. ఆపరేషన్ గుంపులో మధ్యస్థంగా 6 సార్లు, రెండో గుంపులో 2 సార్లు. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు 82 కిలోల దగ్గర కనిపించిన ఆ 19 మిల్లీమీటర్ల గూడే గుర్తొచ్చింది. ఏడాదికి 6 అన్నా ప్రతి నెలా కాదు, అది కూడా గమనించాలి.

గర్భసంచి పొర 2023 మేలో, మళ్లీ నవంబరులో తీసి చూశాం. రెండుసార్లూ మామూలుగానే ఉంది. నా దృష్టిలో ఈ కేసులో పెద్ద విజయం ఇదే. ఇందులో లూప్ వాటా ఎంత, బరువు తగ్గడం వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. లూప్ పొరను పల్చబరిచింది. మళ్లీ పెరగకుండా ఉండాలంటే అండం విడుదల కావాలి, దానికి బరువు తగ్గాలి.

ఏడాది నిండేసరికి 74 కిలోలు. టెస్టోస్టిరాన్ 41, ఎస్‌హెచ్‌బీజీ 48, హెచ్‌బీఏ1సీ 5.3. గురక పోయింది. స్కాన్‌లో అండాశయం మాత్రం మునుపటిలాగే చిన్న గూళ్లతో నిండుగా ఉంది. జబ్బు పోయిందా అని అడిగింది. పోలేదు, అణిగింది అన్నాను. బరువు తిరిగొస్తే ఇదీ తిరిగొస్తుంది.

గడ్డం సంగతి. వెంట్రుకల తీవ్రతకి మేం వేసే మార్కులు ఆపరేషన్ ముందు 18, ఏడాదిన్నరకి 13. ఒకసారి ముతకబారిన కుదురు హార్మోన్ తగ్గినంత మాత్రాన నూగుగా మారదు. కొత్తవి రావడం తగ్గుతుంది, ఉన్నవి నెమ్మదిగా పెరుగుతాయి. మునుపు రోజూ గీసుకునేది, ఇప్పుడు ఐదారు రోజులకోసారి. మగ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ బిళ్లల గురించి ఆలోచించాం గానీ, తొలి నెలల్లో నీళ్లు సరిగా తాగలేకపోవడం, బీపీ దిగుతుండటం చూసి మానుకున్నాం. తొమ్మిదో నెల నుంచి గడ్డానికి లేజర్ మొదలైంది. నాలుగు సిట్టింగులు అయ్యాయి. పదో నెలలో ఒకసారి మాస్క్ లేకుండా వచ్చింది. నేనేమీ అనలేదు, ఆమె కూడా ఏమీ అనలేదు. 2024 ఆషాఢంలో కొండ దిగువన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచానని, కాళ్లు వాచిన ఫొటో పంపింది.

18 నెలలు నిండగానే, 2024 సెప్టెంబరులో, లూప్ తీయించుకుంటానని అత్తగారితో వచ్చింది. బరువు 72. రక్త పరీక్షలు చూస్తే ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ 8, హిమోగ్లోబిన్ 10.1, బీ12 బాగా తక్కువ. ఆరోగ్యంగానే ఉన్నానుగా అని ఆర్నెల్లుగా విటమిన్ బిళ్లలు మానేసిందట. ఈ ఆపరేషన్ తర్వాత ఆ బిళ్లలు జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తం చూపించుకోవాలి. లూప్ తీస్తే నెలసరి రక్తం కూడా పోవడం మొదలవుతుంది. మూడు నెలలు ఆగాలన్నాను. అత్తగారికి కోపం వచ్చింది, బయటికెళ్లి కూర్చున్నారు. ఆమె మాత్రం ఆగుతానంది. ఐరన్ ఎక్కించాం, బీ12 ఇంజెక్షన్లు, ఫోలిక్ యాసిడ్ ఇచ్చాం. డిసెంబరులో లూప్ తీశాం. 34 రోజులకి తనంతట తనే నెలసరి వచ్చింది. తర్వాత 31, 29, 33. స్కూలు డైరీలో తేదీలు రాసుకుని తెచ్చి చూపించింది.

ఇప్పుడు ఇలాంటి అమ్మాయి వస్తే ఆపరేషన్‌తో పాటు బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాట కూడా చెప్తాను. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ జూన్‌లో వచ్చింది. అవి వాడేటప్పుడు కూడా అండం ముందే మేలుకోవచ్చు, గర్భం కోసం ప్రయత్నించేముందు వాటిని ఆపాలి, ఆపితే బరువు తిరిగి పెరుగుతుంది. పిల్లలు కావాలనుకునే వాళ్లతో ఈ మూడు ముక్కలూ మొదటిరోజే మాట్లాడాలి.

2025 మేలో చివరి నెలసరి. జూన్‌లో ఇంట్లో టెస్టు చేసుకుని ఫోన్ చేసింది. మందులేవీ లేకుండా వచ్చిన గర్భం. ప్రస్తుతం 22వ వారం. బిడ్డ ఎదుగుదల బాగుంది. ఈ ఆపరేషన్ అయిన తల్లుల్లో గర్భంలో షుగర్ తగ్గుతుంది గానీ, బిడ్డ చిన్నగా ఉండే అవకాశం కొంత ఎక్కువ. అందుకే నెలనెలా స్కాన్ చేసి కొలుస్తున్నాం. 24 వారాలకి అందరికీ ఇచ్చే గ్లూకోజ్ నీళ్లు ఈమెకు ఇవ్వను. చిన్న కడుపులో అంత తీపి ఒక్కసారిగా పడితే తల తిరిగి పడిపోవచ్చు. బదులుగా వారం రోజులు ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్నాక చూసి రాసుకోమన్నాను. మీటర్ కొన్నారు. ఈసారి కొన్నది అత్తగారే.

మొన్న వచ్చినప్పుడు ఆపరేషన్‌కి ముందు రాసిన కాగితం ఫైల్లోంచి తీసి చూపించాను. మూడు, నాలుగు కొట్టేసింది. జుట్టు దగ్గర కాసేపు ఆలోచించి, పర్లేదు అంది. గడ్డం మాత్రం అలాగే ఉంచింది. గర్భం ఉన్నంతకాలం లేజర్ ఆపాం. మిగిలిన సిట్టింగులు కాన్పయ్యాక మొదలుపెడతాం.